విమానచర్మ పరీక్ష



విమానమునకు చర్మమేమి, దానిని పరీక్షించుటేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నేనును మొదట అట్లే నవ్వితిని. కొన్నియేండ్ల క్రిందట ఢిల్లీలోనున్న మా అమ్మాయిని చూచి రావలెనని శంషాబాదు విమానాశ్రయమున కూర్చుండి యుంటిని. ఎక్కవలసిన వేళ దాటి గంట గడచెను, రెండు గంటలు గడచెను. అద్దములలోనుండి చూడగా మా విమానము ఎదుటనే నిలిచి యున్నది. దాని ప్రక్కను నిచ్చెన వేసికొని యొకడు చేత చిన్న దీపము పట్టి, ముఖమును రేకునకు ఆనించినట్లు పెట్టి, చెదలు తిన్న తాళపత్రమును చదువు పండితునివలె చూచుచున్నాడు. సామానులెక్కించు బండి తగిలి రేకు సొట్టపోయినదని యెవరో చెప్పిరి. ఇంత పెద్ద విమానమునకు అరచేయంత సొట్ట యొక లెక్కయా యని ప్రయాణికులందఱును కసరుకొనిరి. వారిలో నేనును ఒకడను. నాది బడిపంతులు గొంతు గనుక పదిమందికంటె గట్టిగనే వినబడినది. తుదకు ఆ విమానమును ప్రక్కకు లాగికొనిపోయి, మమ్ము వేఱొకదానిలో పంపిరి. ఐదు గంటలు ఆలస్యమయ్యెను.

తిరిగి వచ్చిన పిమ్మట ఈ సంగతి నా పాత శిష్యునితో చెప్పి కంపెనీవారిని ఆడిపోసికొంటిని. అతడు విమానములను విప్పి బాగుచేయు కర్మశాలలో ఇంజనీరు. అతడు నవ్వలేదు. "మాస్టారూ, ఆ నిచ్చెనమీదివాడు చూడకుండా పంపించివుంటే అప్పుడు కోప్పడాలండీ" అనెను. తరువాత రెండు సాయంకాలములు మా యరుగుమీద కూర్చుండి నాకు పాఠము చెప్పెను. నేను చెప్పిన సంధులూ సమాసములూ వానికి జ్ఞాపకమున్నవో లేవో గాని, వాడు చెప్పినది మాత్రము నాకు జ్ఞాపకమున్నది. దానికి నేను చదివి తెలిసికొన్నది కొంత చేర్చి మీకు మనవి చేయుచున్నాను. మీ బిడ్డలు విమానములలో తిరుగువారే గదా. మీరును అమెరికాకో ఆస్ట్రేలియాకో మనుమల నెత్తుకొనుటకు పోవువారే.

మనము కూర్చుండు పొడవైన గొట్టమును విమానపు మొండెమందము. లోపల పీపాకు వేసిన కట్లవలె గుండ్రని చట్రములు వరుసగా నుండును. వానిని కలుపుచు పొడవునా సన్నని వాసములు పోవును. ఈ పంజరముపై అల్యూమినియపు మిశ్రలోహపు రేకులు పఱచి, వేలకొలది రివెట్లతో బిగింతురు. పెక్కు విమానములలో ఈ రేకు మందము ఒక్క మిల్లీమీటరునకు అటునిటు. మన యింటి ఇత్తడి బిందె రేకు దానికి తీసిపోదు. మొదటి విమానములకు గుడ్డ కప్పెడివారు. అది గాలిని ఆపుటకు మాత్రమే. ఇప్పటి రేకు అట్టిది కాదు, బరువు మోయునది. ఎద్దుమీది తోలు వంటిది కాదు, తోలును ఎముకయు కలిసినట్టిది.

ఇది మోయు బరువేమి? గాలి. 35 వేల అడుగుల యెత్తున గాలి యొత్తిడి ఇక్కడి దానిలో నాలుగవ వంతైన నుండదు. అక్కడ మనుష్యుడు కొద్ది క్షణములలో స్మృతి తప్పును. అందుచేత యంత్రములు మొండెములోనికి గాలిని పంపి, 8 వేల అడుగుల కొండమీద నుండునంత యొత్తిడిని లోపల నిలుపును. లోపలి గాలి వెలుపలికి పోజూచుచు రేకుయొక్క ప్రతి చదరపు అంగుళమును సుమారు 8 పౌనుల బలముతో నెట్టుచుండును. ఎనిమిది పౌనులేగదా యనుకొనవలదు. ఆఱడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల తలుపునకు లెక్కకట్టి చూడుడు: 20 వేల పౌనులు దాటును, అనగా 9 టన్నులకు పైమాట. ఆ తలుపుప్రక్కనే మనము కాఫీ త్రాగుచుందుము.

కమ్మరి కొలిమి తిత్తిని ఎఱుగుదురు గదా. ఊదినప్పుడు ఉబ్బును, వదలినప్పుడు ముడుచుకొనును. విమానమును అంతే. పైకి పోయినప్పుడు రవంత ఉబ్బును; దిగినప్పుడు యథాస్థితికి వచ్చును. కంటికి తెలియదు గాని రేకునకు తెలియును. తిత్తి ముసలిదగుట ఏండ్లచేత కాదు, ఊదిన ఊదులచేత. విమానపు వయస్సును లెక్కించుటలో గూడ ఏండ్లకంటె, తిరిగిన గంటలకంటె, ఎన్నిమార్లు ఎగిరి దిగినది యన్నదే ముఖ్యము. లండనుకు పోయి వచ్చు విమానము దినమునకు ఒకటి రెండు మార్లు ఊపిరి తీయును. హైదరాబాదు, విశాఖపట్టణము, తిరుపతి యని గంటగంటకు దిగుచు పోవునది ఆఱేడు మార్లు తీయును. రెండవదియే త్వరగా ముసలిదగును.

ఇనుప కట్టుతీగను చేతబట్టి ఒక్కమాఱు వంచుడు. తెగదు. ఇటు వంచుడు, అటు వంచుడు, పదిమార్లకును తెగదు. అటుపై నొకసారి, మునుపటికంటె ఎక్కువ బలము పెట్టకయే, తటాలున తెగును. దీనిని లోహపు బడలిక యందురు. తెగిన క్షణమున తెగినది కాదు. లోపల ఒక నెఱ్ఱె పుట్టి, ప్రతి వంపునకును వెండ్రుకవాసి సాగుచు వచ్చినది. ఆ నెఱ్ఱె ఎక్కడ పుట్టును? రంధ్రపు అంచున, లేదా మూలయందు. చొక్కా జేబు మూలనే చినుగును. అందుకే దర్జీ అక్కడ అడ్డకుట్టు వేయును. కాలువలో గుంజ పాతినచో నీరు దాని ప్రక్కల వడిగా త్రోసికొని పోవునట్లు, రేకులోని బిగువంతయు రంధ్రముల అంచులను క్రిక్కిరిసి పోవును. రివెట్టు రివెట్టునకును ఒక రంధ్రము. ఒక్కొక్క విమానమున అట్టివి లక్షలు.

ఈ సంగతిని లోకము ప్రాణములిచ్చి నేర్చుకొన్నది. ఇంగ్లండునందు డి హావిలాండ్ కంపెనీవారు నిర్మించిన కామెట్ అను జెట్ విమానము 1952 మే 2వ తేదీని ప్రయాణికులతో తొలిసారి లండనునుండి జోహాన్నెస్‌బర్గునకు బయలుదేరెను. అంత యెత్తున, అంత వడిగా, అంత నెమ్మదిగా పోయిన ప్రయాణికుల విమానము అంతకుమున్ను లేదు. 1954 జనవరి 10న అట్టి దొకటి రోమునుండి లేచి, ఎల్బా ద్వీపమునకు సమీపమున ఆకాశమునందే ముక్కలై సముద్రమున పడెను. 35 మంది పోయిరి. కొన్ని మార్పులు చేసి మరల ఎగురనిచ్చిరి. ఏప్రిల్ 8న మఱొకటి నేపుల్సు దాపున అట్లే పడెను. 21 మంది పోయిరి. అప్పుడు అన్నిటిని నేల నిలిపిరి.

ఫార్న్‌బరోలోని రాజకీయ విమాన పరిశోధనాలయమున సర్ ఆర్నాల్డ్ హాల్ అను నాతని ఆధ్వర్యవమున ఒక విచిత్రమైన పరీక్ష జరిగినది. ఒక కామెట్ మొండెమును పెద్ద నీటితొట్టిలో నుంచి, లోపలను నీరు నింపి, ఇంకను నీటిని త్రోసి ఒత్తిడి పెంచుట, తగ్గించుట, రేయింబవళ్లు చేసిరి. గాలితో చేసినచో పగిలినప్పుడు బాంబువలె ప్రేలి సాక్ష్యమంతయు చెదరిపోవును. నీరు అట్లు ప్రేలదు, పగిలిన తావున నెమ్మదిగా కారిపోవును. ఎంత యుక్తి! ఆ విమానము అంతకుముందు నిజముగా ఎగిరినవి 1,221 మార్లు. తొట్టిలో ఊదినవి 1,836. మొత్తము 3,057వ మాఱు కిటికీ వంటి యొక ద్వారపు మూలనుండి రేకు చినిగినది. సముద్రములో పడిన మొదటిది ఎగిరినది 1,290 మార్లే, రెండవది 900. నిర్మించినవారు మూర్ఖులు కారు, రేకు బలమును వారు ముందే పరీక్షించిరి. కాని బిగువు మూలలయం దెంతగా ప్రోగుపడునో సరిగా అంచనా వేయలేకపోయిరి. నేడు మీరు కూర్చుండు విమానపు కిటికీ మూలలు చక్కని గుండ్రముతో నుండుట చూచితిరా? ఆ వంపు వెనుక ఈ మృతులున్నారు.

అయిన నెఱ్ఱెలు పుట్టుట మానలేదు. పుట్టుట మానదు గనుక, పెద్దదగుటకు ముందే కనిపెట్టవలెను. ఇక్కడనే పరీక్షకుని పని మొదలగుచున్నది. లెక్క యిట్లు వేయుదురు: నెఱ్ఱె కంటికో పనిముట్టునకో చిక్కునంతటి దగుటకు మొదలు, ప్రమాదకరమగు వఱకు ఎన్ని ప్రయాణములు పట్టునో గణించి, ఆ నడుమనే కనీసము రెండు మూడు మార్లు చూచునట్లు వేళలు నియమింతురు. ఒకమాఱు తప్పిపోయినను మఱొకమాఱు పట్టువడవలెనని. ప్రతి ప్రయాణమునకు ముందును ఒకడు విమానము చుట్టు తిరిగి చూచును. కొన్ని నెలలకొకమాఱు ఇంకొంచెము లోతుగా, రెండేండ్లకు దగ్గఱగా మఱింత లోతుగా చూతురు. ఆఱేండ్లకో పండ్రెండేండ్లకో సీట్లు, అటకలు, లోపలి తెరలు అన్నియు ఊడదీసి, పంజరము బయటపడునట్లు చేసి చూతురు.

ఎట్లు చూచెదరు? మొదటి సాధనము కన్ను. ముందు రేకును కడుగవలెను. మురికిక్రింద నెఱ్ఱె దాగును. దీపమును ఎదురుగా పట్టక, ఏటవాలుగా పట్టవలెను. తాళపత్రములను చదివినవారికి ఈ కిటుకు క్రొత్తది కాదు. మసి పూయని యాకును వెలుతురునకు ఏటవాలుగా త్రిప్పినచో గంటపు గీతలు నీడలు పడి కనబడును. అట్లే దీపము వాలుగా పడినప్పుడు సొట్టయు, ఉబ్బును, గీతయు తమ నీడలచేత తామే పట్టువడును. రివెట్ల వెనుక నల్లని చాఱ గాలివాటున సాగియున్నచో, ఆ రివెట్టు వదులై కదలుచున్నదని అర్థము. రెండు రివెట్ల నడుమ రేకు దిండువలె ఉబ్బినచో, లోపల త్రుప్పు పెరిగి పైరేకును నెట్టుచున్నదన్నమాట.

కంటికి అందనిదానికి రంగు పూయుదురు. పలుచని ఎఱ్ఱని ద్రవమును రాచి, కొంత సేపు నాననిచ్చి, పైపైన శుభ్రముగా తుడిచి, తెల్లని పొడి చల్లుదురు. నెఱ్ఱెలో దూరిన ఎఱుపు ఆ తెలుపులోనికి పొడుచుకొని వచ్చి సన్నని గీతగా నిలుచును. నా శిష్యు డిది చెప్పినప్పుడు నేను, "ఇది మా తాతగారు చేసినదేరా!" అంటిని. గంటముతో చెక్కిన తాటాకుమీద మసి పూసి తుడిచినచో మసి గీతలలో నిలిచి యక్షరములు లేచును. ఇక రేకుల అతుకులో, రివెట్టు తలక్రింద దాగిన నెఱ్ఱెకు ఈ రంగును చాలదు. దానికి కలమువంటి పనిముట్టు నొకదానిని ఉపయోగింతురు. అందులోని తీగచుట్టలో దిశ మాఱు విద్యుత్తు పాఱును. దానిని రేకుపై జరిపినప్పుడు రేకులో విద్యుత్తు సుడులు సుడులుగా తిరుగును. నెఱ్ఱె అడ్డము వచ్చినచో సుడి చెదరును; ఆ చెదరుట ముల్లుమీదనో తెరమీదనో కనబడును. మన చెవికి వినబడని ధ్వనిని లోహములోనికి పంపి ప్రతిధ్వనిని చూచుటయు కలదు. ఎక్స్‌రే తీయుటయు కలదు.

బొగ్గునారతో, జిగురుతో చేసిన మొండెములు గల క్రొత్తరకపు విమానములలో మాత్రము ఇప్పటికిని ఒక ప్రాత పద్ధతి నిలిచి యున్నది. నాణెమువంటి దానితో తట్టి చూచుట. పొరలు అంటియున్నచోట గట్టిగా మ్రోగును. విడిపోయినచోట బొదబొద మనును. సంతలో కుండను తట్టి కొను మన యాడువారికి దీనిని ఎవరును నేర్పనక్కఱలేదు.

సాధనములన్నియు నున్నను పరీక్ష తప్పుట కలదు. హవాయి ద్వీపములలో అలోహా అను కంపెనీవారి బోయింగ్ 737 విమాన మొకటి యుండెను. 19 ఏండ్లది. ద్వీపమునుండి ద్వీపమునకు చిన్న చిన్న ప్రయాణములు. సగటున 24 నిమిషములకు మించవు. చుట్టును ఉప్పుగాలి. ఆ ఏండ్లలో అది 89,680 మార్లు ఎగిరి దిగినది. 1988 ఏప్రిల్ 28న హిలోనుండి హొనొలూలూకు పోవుచు 24 వేల అడుగుల యెత్తున నుండగా, ముందుభాగపు పైకప్పు 18 అడుగుల మేర ఒక్కసారిగా లేచిపోయినది. ప్రయాణికులు ఆరుబయట ఆకాశమున బెల్టులతో కట్టబడి కూర్చుండిరి. నడవలో నిలుచుండిన పరిచారిక, 37 ఏండ్లు ఆ పనిలో నున్న ఇల్లాలు, గాలిలో కొట్టుకొనిపోయెను. పైలట్లు ఆ చినిగిన విమానమునే మావీ ద్వీపమునకు దింపిరి. 65 మంది గాయపడిరి. తక్కినవారెవరును పోకుండుట వారి నేర్పు.

విచారణలో తేలినదేమనగా, రేకుల అతుకులోని జిగురు విడిపోయి, త్రుప్పు చొచ్చి, ఒక వరుసలోని రివెట్టు రంధ్రముల నెఱ్ఱెలు ఒకదానినొకటి కలిసికొన్నవి. అవి ఒకనాడు పుట్టినవి కావు. చూచుటకు మనుష్యులుండిరి, చూచితిమని వ్రాసియు నుండిరి. విచారణకర్తలు వారిని తిట్టి యూరకుండక, ఆ పని యెట్టిదో గూడ వ్రాసిరి. పగలు ఎగిరిన విమానమును రాత్రి చూడవలెను. ఎత్తైన మంచెలమీద, ఒక్కొక్కప్పుడు కప్పునకు కట్టిన త్రాళ్లను నడుమునకు తగిలించుకొని, దీపము మోసికొనుచు, ఒక రివెట్టు తరువాత మఱొక రివెట్టు చూడవలెను. వందలు చూచినను ఏమియు కనబడనప్పుడు, ఇక ఏమియు కనబడదనియే మనస్సు నమ్మును. అప్పుడు కన్ను రేకుమీద నుండును గాని చూపు ఉండదు. పరీక్షకాగితములు దిద్దిన నాకు ఇది స్వానుభవము. డెబ్బది కాగితములలో ఒప్పుగా నున్న పద్యపాదమును డెబ్బదియొకటవ దానిలో తప్పుగా నున్నను ఒప్పని చదివి, మార్కు వేసినవాడను. నా తప్పువలన ఎవరును ఆకాశమునుండి పడలేదు, అంతే భేదము. 1991లో అమెరికాలో ముసలి విమానముల పరీక్షకై ప్రత్యేకముగా చట్టము చేసిరి.

ఆ విచారణలోనే మఱియొక సంగతి యున్నది. ఆ దినము విమానమెక్కుచు ఒక ప్రయాణికురాలు తలుపు దాపున రివెట్ల వరుసవెంట పొడవైన బీటను చూచినది. ఎవరితోను చెప్పలేదు. తెలిసినవారికి తెలియదా యనుకొన్నది కాబోలు.

నెఱ్ఱె కనబడినచో ఏమి చేయుదురు? చెడిన మేరకు కోసివేసి, పైన మాసిక వేసి, నిర్మించినవారి గ్రంథములో చెప్పినన్ని వరుసల రివెట్లతో బిగింతురు. మాసిక అనగానే తేలికగా తలపరాదు. 1978లో జపానులో తోక నేలకు రాచుకొన్న విమానమునకు వెనుకగోడను బాగుచేయుచు, రెండు వరుసల రివెట్లు పనిచేయవలసినచోట ఒక్క వరుసయే పనిచేయునట్లు అతికిరి. అది ఏడేండ్లు నిలిచి, 1985 ఆగస్టు 12న విడిపోయినది. 520 మంది పోయిరి. 1980లో హాంకాంగున అట్లే తోక రాచుకొన్న తైవాను విమానమునకు గీతలు పడిన రేకును తీయకయే పైన మాసిక వేసిరి. మాసికక్రింద ఆ గీతలనుండి నెఱ్ఱెలు 22 ఏండ్లు పెరిగినవి. 2002 మే 25న ఆ విమానము గాలిలోనే ముక్కలయ్యెను. 225 మంది పోయిరి. అంతకుముందు తీసిన ఛాయాచిత్రములలో ఆ మాసిక అంచులయందు గోధుమవన్నె మఱకలు కనబడినవి; లోపలి గాలి వెలికి జాఱిన గుర్తులట. మందు వేసిన పుండును కట్టు విప్పి చూడనట్లయినది. మన దేశమున మరమ్మతు చేసిన విమానము మరల ఎగురవలెనన్న, లైసెన్సు గల ఇంజనీరు తన పేరు వ్రాసి సంతకము చేయవలెను. నా శిష్యుడు ఈ మాట చెప్పుచు కుడిచేతి వ్రేళ్లను చూచుకొనెను.

ఆ అరచేయంత సొట్టనుగుఱించియు అడిగితిని. సొట్ట లోతును కొలుతురట. దాని యంచున గాని, వెనుకనున్న చట్రమునకు గాని నెఱ్ఱె పట్టినదేమో సుడివిద్యుత్తుతో చూతురట. గ్రంథములోని హద్దునకు వెంట్రుకవాసి మించినను కదలనీయరట. ఐదు గంటలేల పట్టెనో అప్పుడు తెలిసినది.

మొన్నమొన్న మరల ఢిల్లీ ప్రయాణము తగిలినది. ఈమాఱు మెట్లమీదుగా ఎక్కించిరి. తలుపు చేరునప్పటికి ఎడమప్రక్కను రివెట్ల క్రిందుగా జానెడు నల్లని చాఱ కనబడినది. ఒక్క నిమిషము సంకోచించితిని. వెనుక జనము నెట్టుచున్నారు. అయినను తలుపువద్ద నిలిచిన పిల్లతో, "అమ్మా, ఇక్కడ ఏదో చాఱ కనబడుతున్నది, ఇంజనీరుగారికి చూపించుము" అంటిని. ఆమె విసుగుకొనలేదు, వెంటనే కబురంపెను. ఇంజనీరు వచ్చి, దీపము వాలుగా పట్టి చూచి, గుడ్డతో తుడిచి, రివెట్లను వ్రేలితో తడిమి, మరల చూచెను. మెట్లకు పూసిన గ్రీజు అంటుకొన్నదట. నాకు గుడ్డ చూపి, "మంచిపని చేశారండీ" యని పోయెను.

విమానము పండ్రెండు నిమిషములు ఆలస్యముగా బయలుదేరెను. నా ప్రక్కసీటులోని పెద్దమనిషి గడియారము చూచుకొని, "ఎవరో ముసలాయన మరకను చూసి గొడవ చేశాడట" అని కసరుకొనెను. నేను కిటికీవైపు తిరిగి కూర్చుంటిని.